విరిగిన పెన్‌డ్రైవ్‌కు దిక్కేది?

బొటనవేలంత పరికరం విరిగితే అందులో దాచుకున్నదంతా పోయినట్లేనన్న అభిప్రాయం జనంలో బలంగా నాటుకుని ఉన్నది. నిజానికి పెన్‌డ్రైవ్ విరగటం వేరు, అందులోని సమాచారం నశించటం వేరు. మొదటిది జరిగిన ప్రతిచోటా రెండవది జరగదు. ఈ తేడా తెలియకపోవటం వల్ల, తెలిసినా నమ్మదగిన సహాయం చేరువలో లేకపోవటం వల్ల, తిరిగి దక్కవలసిన సమాచారాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్న వారున్నారు. పైకి సాంకేతికంగా కనిపించే ఈ సమస్య ఇప్పుడు వినియోగదారుల హక్కుల దాకా, న్యాయస్థానాల్లో సాక్ష్యాల దాకా విస్తరించింది.

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌ను ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే హయాంలో కర్మాగారం చుట్టూ పెరిగిన ఈ ఊరికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు తరతరాలుగా వలస వెళ్లారు. 1928లో ఆ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించినది తదనంతర కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి.గిరి. వాల్తేరు డివిజన్ 2003 వరకు ఖరగ్‌పూర్‌తో పాటు ఆగ్నేయ రైల్వేలోనే కొనసాగింది. బదిలీలు, బంధుత్వాలు ఆ దారినే నడిచాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి దృష్టిలో ఉన్నది ప్రధానంగా ఈ పట్టణమే.

ఖరగ్‌పూర్‌కు మరో ముఖం ఉన్నది. స్వాతంత్య్ర సమరయోధులను బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరం ఆవరణలో 1951లో దేశంలోని తొలి ఐఐటీ వెలసింది. దేశంలోని గ్రంథాలయాలు, విద్యాసంస్థల పుస్తకాలను, వ్యాసాలను ఒకేచోట వెతుక్కునే వీలు కల్పించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం నిర్వహణ ఈ సంస్థ చేతిలోనే ఉన్నది. 2018 జూన్‌లో దానిని జాతికి అంకితం చేశారు. అంటే యావద్దేశపు జ్ఞాపకాన్ని భద్రపరచే ప్రయత్నానికి కేంద్రం ఈ ఊరే. సామాన్యుడి జ్ఞాపకం మాటేమిటన్నది వేరే ప్రశ్న.

నింపురాలోనో మథురాకాటిలోనో ఉంటున్న ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగిని ఊహించుకుందాం. కూతురి పెళ్లి ఫోటోలు, పింఛను కాగితాల నకళ్లు, స్వగ్రామంలోని స్థలానికి సంబంధించిన దస్తావేజు, తెలుగు సంఘం ప్రత్యేక సంచిక ప్రతి అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. టెలివిజన్ పక్కన గుచ్చి ఉంచిన దానికి నడిచే మనిషి మోకాలు తగిలింది. లోహపు కొన మెడ దగ్గర వంగి ఊడివచ్చింది. వందల రూపాయలకు దొరికే వస్తువు అది. అందులో ఉన్నదానికి అంగట్లో ధర లేదు. ఇక్కడి నుంచి ఆయనకు ఎదురయ్యే అనుభవం అంతా మొదటి గంటలో ఆయన చేసే పనులపైన, ఎవరి చేతికి దానిని అప్పగిస్తారన్న దానిపైన ఆధారపడుతుంది.

పోయినది ప్లాట్‌ఫారమా, యార్డా?

పెన్‌డ్రైవ్ లోపల ఉండే భాగాలు ఎన్నో లేవు. కంప్యూటర్‌లోకి దూరే కొన ఒకటి, సన్నని సర్క్యూట్ బోర్డు, దానిపైన కంట్రోలర్ అనే చిన్న చిప్పు, సమాచారాన్ని నిల్వచేసే మెమరీ చిప్పు ముఖ్యమైనవి. రైల్వే భాషలో చెప్పుకుంటే కొన ప్లాట్‌ఫారం, కంట్రోలర్ స్టేషన్ మాస్టరు, మెమరీ చిప్పు గూడ్స్ యార్డు. ప్లాట్‌ఫారం కూలినంత మాత్రాన యార్డులోని వ్యాగన్లు మాయం కావు. పాతరకం కొనలో ఉండేవి నాలుగే లోహపు పట్టీలు. వాటిలో ఒకటి అయిదు వోల్టుల విద్యుత్తును తెస్తుంది, ఒకటి దానికి తిరుగుదారి, మిగిలిన రెండింటి మీదుగా సమాచారం ప్రయాణిస్తుంది. కొన ఊడిన పెన్‌డ్రైవ్‌లో తెగినది సాధారణంగా ఈ నాలుగు దారులే. బోర్డు పగలకుండా ఉంటే అనుభవం గల పనివాడు భూతద్దం కింద ఆ నాలుగింటిని సన్నని తీగలతో టంకం వేసి కలపగలడు. కలిపిన తర్వాత చేయవలసిన మొదటి పని, చివరి పని కూడా, అందులోని సమాచారం మొత్తాన్ని మరోచోటికి నకలు తీసుకోవటమే. అతికిన డ్రైవ్‌ను మళ్లీ వాడుకోవాలన్న ఆశ అనర్థదాయకం.

ఇంత సులువైన పని చెడిపోయేది ఎక్కడ? మొదటిది ఆత్రం. వంగిన కొనను చేత్తో సరిచేసి, నొక్కిపట్టి కంప్యూటర్‌లో పెట్టి చూడటం అందరూ చేసే పని. ఆ ఒత్తిడికి బోర్డుపైన ఉన్న రాగి దారులు లేచిపోతాయి. నాలుగు టంకాలతో అయ్యే పని మరమ్మతుకు లొంగనిదిగా మారుతుంది. విద్యుత్తు తెచ్చే దారి పక్కదానికి తగిలితే కంట్రోలర్ కాలిపోవచ్చు. రెండవది కంప్యూటర్ అడిగే ప్రశ్న. స్పర్శ సరిగా అందని డ్రైవ్‌ను చూసి, దీనిని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అది అడుగుతుంది. అవుననటం చాలామందికి అలవాటు. త్వరగా జరిగే ఫార్మాట్ వల్ల తక్షణం చెరిగేది ఫైళ్ల జాబితా మాత్రమే, ఫైళ్లు కావన్నది నిజమే. అయితే ఆ జాబితా పోయిన తర్వాత పని పదింతలు కష్టం. మూడవది జిగురు. విరిగిన కొనను ఫెవిక్విక్‌తో అతికించి తెచ్చేవారికి టంకం వేయటం కంటే ముందు ఆ జిగురు ఊడదీయటం పెద్ద పని అవుతుంది. నీటిలో పడిన డ్రైవ్ విషయంలో కూడా సూత్రం ఒక్కటే: పూర్తిగా ఆరక ముందు దానికి విద్యుత్తు ఇవ్వరాదు.

బోర్డు రెండుగా చీలినప్పుడు, లేదా కంట్రోలర్ కాలినప్పుడు వ్యవహారం మరో అంచెకు వెళుతుంది. అప్పుడు మెమరీ చిప్పును వేడి గాలితో బోర్డు నుంచి విడదీసి, ప్రత్యేక యంత్రంలో అమర్చి నేరుగా చదవవలసి ఉంటుంది. పీసీ-3000 ఫ్లాష్ అనే పరికరం, పోలండ్‌లోని రుసోలట్ సంస్థ తయారుచేసే పరికరం ప్రపంచవ్యాప్తంగా ఈ పనికి వాడుకలో ఉన్నాయి. చిప్పును చదవటంతోనే ఫైళ్లు బయటపడతాయనుకుంటే పొరపాటు. బయటపడేది అర్థం కాని అంకెల కుప్ప.

ఇందుకు కారణం ఫ్లాష్ మెమరీ స్వభావంలోనే ఉన్నది. జపాన్‌లో తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా 1980లలో రూపొందించిన ఈ విధానంలో సమాచారం అంతా సూక్ష్మమైన గదుల్లో బంధించిన విద్యుదావేశం రూపంలో ఉంటుంది. ఒక్కొక్క గదిని ఎన్నిసార్లు చెరిపి రాయవచ్చునన్నదానికి పరిమితి ఉన్నది. ఒక గదిలో ఒకే బిట్టు దాచిన తొలితరం చిప్పులకు ఆ పరిమితి లక్ష సార్ల వరకు ఉండేది. మూడు బిట్లు కూరే చవకరకం చిప్పులకు అది వేయి ప్రాంతానికి పడిపోయింది. అందువల్ల ఏదో ఒకచోటే అరుగుదల రాకుండా కంట్రోలర్ రాతలను చిప్పంతటా చెదరగొడుతుంది. స్టేషన్ మాస్టరు వ్యాగన్లను యార్డులో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి షంటింగ్ చేయించి, ఏది ఎక్కడున్నదో తన పుస్తకంలో రాసుకున్నట్లు. అంతటితో ఆగక ప్రతి పుటలోని అంకెలను ఒక నిర్ణీత క్రమంలో తారుమారు చేస్తుంది, పొరపాట్లు దిద్దుకోవటానికి అదనపు సంకేతాలు జతచేస్తుంది. కంట్రోలర్ కాలిపోతే ఆ పుస్తకం చదవగలిగినవాడు లేనట్లే. నిపుణుడు ఏ కంపెనీ కంట్రోలర్ ఏ పద్ధతిలో తారుమారు చేస్తుందో కనిపెట్టి, పొరపాట్లు దిద్ది, ముక్కలను వరుసలో పేర్చి, ఆ తరువాత ఫైళ్లను వెదకాలి. రోజులు పట్టే పని ఇది. వేలల్లో రుసుము అడగటానికి కారణం ఇదే.

ఇటీవలి సంవత్సరాల్లో ఇంకో ఇబ్బంది తోడైంది. చిన్న పరిమాణంలో వచ్చే పెన్‌డ్రైవ్‌లలో చాలావాటికి విడిగా బోర్డూ, విడిగా చిప్పూ ఉండవు. కంట్రోలర్‌ను, మెమరీని కలిపి ఒకే నల్లని పలకలో పోతపోస్తున్నారు. ఇందులో విప్పటానికి ఏమీ లేదు. పలకపైన పూతను గీకి, లోపల దాగిన పరీక్షా బిందువులను గుర్తించి, వెంట్రుక కంటే సన్నని తీగలను పదుల సంఖ్యలో అతికించి చదవాలి. పలకే చీలితే ఆశ వదులుకోవలసిందే. తాళం వేసుకునే సదుపాయంతో వచ్చే డ్రైవ్‌లలో సమాచారం సంకేతలిపిలో ఉంటుంది, తాళంచెవి కంట్రోలర్‌లో ఉంటుంది. కంట్రోలర్ కాలితే చిప్పు చదివినా ప్రయోజనం శూన్యం. వెరసి, వస్తువు చవకై, చిన్నదై, భద్రమైన కొద్దీ విరిగినప్పుడు దానిని కాపాడుకునే అవకాశం సన్నగిల్లుతున్నది. కొనుగోలు చేసేటప్పుడు ఈ సంగతి చెప్పేవారు లేరు.

ప్రభుత్వానికి సాధ్యమైనది

ఈ పరిజ్ఞానం దేశంలో లేదనుకుంటే పొరపాటు. అవసరం పెద్దదైనప్పుడు అది ఎంత పట్టుదలగా పనిచేస్తుందో 2025లో దేశమంతా చూసింది. ఆ ఏడాది జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా బోయింగ్ 787 విమానం కూలి 260 మంది మరణించారు. ఆ విమానంలోని రెండు రికార్డర్లలో వెనుకది మరుసటి రోజున, ముందరిది జూన్ 16న దొరికాయి. విమాన రికార్డరు కూడా సారాంశంలో గట్టి కవచంలో దాచిన మెమరీయే. ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ అమెరికా నుంచి అదే రకం రికార్డరును, తంత్రులను తెప్పించి ఢిల్లీలోని తన ప్రయోగశాలలో జూన్ 24న పనికి పూనుకున్నది. ముందరి రికార్డరు నుంచి సుమారు 49 గంటల ప్రయాణ సమాచారం, రెండు గంటల ధ్వని లభించాయి. వెనుక రికార్డరు కవచాన్ని తెరిచి మెమరీ కార్డును పరిశీలించగా నష్టం తీవ్రంగా ఉన్నదని ప్రాథమిక నివేదిక తెలిపింది. ఒకే విమానం, ఒకే మంట, రెండు మెమరీలు. ఒకటి మాట్లాడింది, ఒకటి మూగపోయింది. విరిగిన పెన్‌డ్రైవ్ పట్టుకుని దుకాణానికి వెళ్లే మనిషి ముందు ఉండేది కూడా ఈ రెండు అవకాశాలే.

ఖరగ్‌పూర్‌కు ఈ విషయం మరింత దగ్గరది. 2023 జూన్ 2న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగిన బహనాగా బజార్ స్టేషన్ ఒడిశాలో ఉన్నా ఆగ్నేయ రైల్వే ఖరగ్‌పూర్ డివిజన్‌లోనిదే. ఆ రైలు గంటకు 128 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదని, మెయిన్ లైనుకు సిగ్నల్ ఇచ్చి ఉన్నా బండి లూప్ లైనులోకి మళ్లిందని రైల్వే అధికారులు వెల్లడించారు. ఏ క్షణాన ఏ సిగ్నల్ వెలిగిందో, ఏ పాయింటు ఎటు తిరిగి ఉన్నదో నమోదు చేసే డేటా లాగర్ దర్యాప్తులో కీలకమైంది. సాక్షులు భ్రమపడవచ్చు, సిబ్బంది తడబడవచ్చు. యంత్రపు జ్ఞాపకం చెక్కుచెదరకుండా ఉంటే వాదానికి తావు తగ్గుతుంది. ఇంజన్ల వేగాన్ని నమోదు చేసే పరికరాల నుంచి సమాచారాన్ని పెన్‌డ్రైవ్‌లోకి దించుకునే ఏర్పాటు రైల్వేల్లో వాడుకలో ఉన్నదన్న సంగతి ఈ సందర్భంగా గమనార్హం. ప్రయాణికుల భద్రతకు సంబంధించిన సమాచారం కూడా ఏదో ఒక దశలో ఈ బొటనవేలంత పరికరంలో ప్రయాణిస్తున్నది.

న్యాయస్థానాలు ఈ వాస్తవాన్ని గుర్తించాయి. మెమరీ కార్డులో ఉన్న సమాచారం చట్టం దృష్టిలో పత్రమేనని 2019 నవంబరు 29న సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో తీర్పు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ధ్రువపత్రం సమర్పించాలి. అందులో సమర్పించేవారితో పాటు నిపుణుడు కూడా సంతకం చేయాలి, సమాచారం మారలేదని చూపే హాష్ విలువను పేర్కొనాలి. ఆస్తి తగాదాలోనో, సర్వీసు వివాదంలోనో పెన్‌డ్రైవ్ మీద ఆధారపడిన కక్షిదారుకు ఇది చిన్న విషయం కాదు. విరిగిన డ్రైవ్‌ను వీధి చివర దుకాణంలో ఇచ్చి, ఫైళ్లు తెచ్చుకుని, పాత డ్రైవ్‌ను పారవేస్తే ఆ ఫైళ్లు ఎక్కడివన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసింది ఆయనే. అతికిన తీగలతో సహా ఆ ముక్కలను భద్రంగా దాచుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పరు.

కోల్‌కతాలోనూ, హైదరాబాద్‌లోనూ కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలు ఉన్నాయి. అవి పరీక్షించేది ప్రధానంగా పోలీసులు, న్యాయస్థానాలు, ప్రభుత్వ సంస్థలు పంపిన వస్తువులనే. అది సహజం కూడా. ఐఐటీ పని బోధన, పరిశోధన; ఊరివారి పెన్‌డ్రైవ్‌లు బాగుచేయటం దాని బాధ్యత కాదు. ఇక సామాన్యుడికి మిగిలినది బజారు.

బేరం తెలియని బజారు

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ వంటి చోట్ల మొబైల్ ఫోన్లు బాగుచేసేవారికి టంకం పనిలో మంచి చేతివాటం ఉంటుంది. కొన ఊడిన డ్రైవ్‌కు ఆ నైపుణ్యం చాలు. బోర్డు పగిలినదానికి చాలదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడున్నదో చెప్పి, ఇది నా వల్ల కాదు, ముట్టుకోను అనగలిగిన పనివాడే వినియోగదారుకు నిజమైన మేలు చేసినవాడు. అతి వేడి తగిలిన మెమరీ చిప్పులో బంధించిన ఆవేశం కారిపోతుంది. ఒకసారి తెలియనిచేతిలో కాలిన చిప్పును ఏ ప్రయోగశాలా తిరిగి బతికించలేదు. నిపుణుల సంస్థలు ఉన్నవి పెద్ద నగరాల్లో. హౌరా అక్కడికి సుమారు 115 కిలోమీటర్లు. లోకల్ బండి టికెట్టు ఖర్చు ఎంతో కాదు గాని, అక్కడ అడిగే రుసుముకు ప్రమాణం లేదు.

డేటా రికవరీ వృత్తికి దేశంలో ప్రత్యేక లైసెన్సు విధానం లేదు. ప్రభుత్వం నిర్ణయించిన అర్హత లేదు, ధరల పట్టిక లేదు. బల్ల మీద విరిగిన డ్రైవ్ పెట్టిన మనిషికి అందులోని సమాచారం ఎంత అవసరమో దుకాణదారు ముఖం చూసి పసిగడతాడు. అవసరం ఎక్కువైతే ధరా ఎక్కువే. బంగారం తాకట్టు పెట్టే మనిషికైనా తూకం కళ్లముందు ఉంటుంది. ఇక్కడ తూకమే లేదు. సమాచారం దక్కితేనే రుసుము తీసుకుంటామనే సంస్థలు కొన్ని ఉన్నాయి. పరీక్షించినందుకే డబ్బు కట్టించుకునేవీ ఉన్నాయి. దక్కిన ఫైళ్ల జాబితా చూపి, ఆ తరువాతే డబ్బు అడగటం ఈ రంగంలో మంచి సంప్రదాయంగా భావించవచ్చు.

పెన్‌డ్రైవ్ తయారుచేసిన కంపెనీ సంగతికి వస్తే, వారంటీ వస్తువుకే గాని అందులోని సమాచారానికి కాదని పత్రంలో రాసి ఉండటం పరిపాటి. అయిదేళ్ల వారంటీ అని అట్టమీద పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. చెడిపోయిన డ్రైవ్‌ను తీసుకుని కొత్తది ఇవ్వటంతో వారి బాధ్యత తీరిపోతుంది. పైగా పాతదానిని వారికి అప్పగించాలి, అంటే అందులోని ఫోటోలను, పత్రాలను కూడా. వారంటీ కోరటమా, సమాచారం కోరటమా తేల్చుకోవలసిన పరిస్థితి. రికవరీ కోసం విప్పిన డ్రైవ్‌కు మామూలుగా వారంటీ వర్తించదు. కొన్ని వందల రూపాయల వస్తువు కోసం వారంటీ వెంట పరుగెత్తటంలో లాభం లేదన్నది స్పష్టం.

చట్టం మాత్రం వినియోగదారును పూర్తిగా వదిలివేయలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసే ఏ సేవలోనైనా లోపం జరిగితే ఫిర్యాదు చేయవచ్చు. పాత చట్టంతో పోలిస్తే ఇందులో ఒక ముఖ్యమైన మార్పు ఉన్నది. ఫిర్యాదుదారు తాను నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. పని చెడగొట్టినది కోల్‌కతా సంస్థ అయినా, హైదరాబాద్ సంస్థ అయినా ఖరగ్‌పూర్ వాసి తన జిల్లా కేంద్రమైన మేదినీపూర్ దాటి వెళ్లనవసరం లేదు. అయితే డ్రైవ్ అప్పగించేటప్పుడు, ఏమి జరిగినా మా పూచీ లేదన్న కాగితంపైన సంతకం తీసుకోవటం ఆనవాయితీ. అటువంటి ఏకపక్ష షరతులను అనుచిత ఒప్పందంగా సవాలు చేసే అవకాశాన్ని ఇదే చట్టం కల్పించింది గాని, ఆ ఫిర్యాదును వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఒక పెన్‌డ్రైవ్ కోసం అంత దూరం వెళ్లేవారెందరు?

మరో కోణం గోప్యత. విరిగిన డ్రైవ్ అప్పగించటమంటే ఇంటి తాళంచెవులు అప్పగించటమే. ఆధార్ నకలు, బ్యాంకు పత్రాలు, ఆడపిల్లల ఫోటోలు అన్నీ అపరిచితుడి కంప్యూటర్‌లోకి చేరతాయి. పని ముగిశాక అతడు వాటిని చెరిపివేశాడో లేదో తెలుసుకునే మార్గం యజమానికి లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అందులోని ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమలులోకి రావలసి ఉన్నది. పెద్ద బ్యాంకులను, సామాజిక మాధ్యమాలను దృష్టిలో ఉంచుకుని రూపొందిన ఆ చట్టం ఒక బల్ల, ఒక టంకపు కడ్డీ ఉన్న దుకాణం దాకా ఏ మేరకు చేరుతుందన్నది సందేహమే. ప్రస్తుతానికి యజమాని చేయగలిగినది, చిప్పును, ముక్కలను, నకలును తిరిగి అడిగి తీసుకోవటం, రసీదుపైన ఆ మాట రాయించుకోవటం.

అక్షరాలు దక్కినా చదవలేనప్పుడు

ప్రవాస తెలుగు కుటుంబాలకు, సంఘాలకు ఇంకొక చిక్కు ఉన్నది. దీని గురించి చర్చ జరిగిన దాఖలాలు తక్కువ. ఫైళ్ల జాబితా పోయిన డ్రైవ్‌లో నిపుణుడు ఫైళ్లను వాటి ఆనవాళ్లను బట్టి వెదకుతాడు. ప్రతి జేపెగ్ ఫోటో ఒకే రకమైన సంకేతంతో మొదలవుతుంది కనుక ఫోటోలు సులభంగా దొరుకుతాయి. కాని ఫైలు పేరు, ఏ ఫోల్డరులో ఉండేదన్న వివరం దొరకవు. పెళ్లి ఫోటోలు, అంత్యక్రియల ఫోటోలు, రేషన్ కార్డు నకలు అంకెల పేర్లతో ఒకే గుట్టగా చేతికి వస్తాయి. వాటిని వేరుచేయవలసింది ఇంటివారే.

తెలుగులో టైపు చేసిన పత్రాల విషయం మరింత జటిలం. 1990లలోనూ, ఆ తర్వాత చాలాకాలం వరకూ తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు, శ్రీలిపి వంటివే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా అచ్చు పనిలో అది నిలదొక్కుకోవటానికి దశాబ్దాలు పట్టింది. సంఘాల ప్రత్యేక సంచికలు, శుభలేఖలు, నాటక ప్రతులు, ఆలయ ఉత్సవాల కరపత్రాలు ఇలా ఆ పాత ఫాంట్లలో తయారైనవే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాల స్థానంలో అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. తెలుగు రాని కోల్‌కతా నిపుణుడు దానిని చూసి ఫైలు చెడిపోయిందని నిర్ధారించే ప్రమాదం ఉన్నది. యజమాని కూడా అదే నమ్ముతాడు. నిజానికి ఆ ఫైలు నిక్షేపంగా ఉండవచ్చు. కావలసింది పాత ఫాంటు, లేదా దానిని యూనికోడ్‌లోకి మార్చే సాధనం. డ్రైవ్ అప్పగించేటప్పుడే అందులో ఏ ఫాంటుతో, ఏ సాఫ్ట్‌వేర్‌తో చేసిన పత్రాలున్నాయో రాసి ఇస్తే ఈ పొరపాటు తప్పుతుంది. చేతికి వచ్చిన ఫైళ్లను తెలుగు డీటీపీ తెలిసిన మనిషికి చూపించకుండా పారవేయటం తొందరపాటే.

సొంతరాష్ట్రంలో ఇటువంటి పత్రానికి మరో నకలు ఏ ముద్రణాలయంలోనో, ఏ బంధువు దగ్గరో దొరికే అవకాశం ఉన్నది. వలస పట్టణంలో ఆ అవకాశం తక్కువ. ఖరగ్‌పూర్‌లో తెలుగు బడులు, సంఘాలు, నాటక సమాజాలు నడిచిన చరిత్రకు ఆధారాలు ఎక్కువగా ఇళ్లల్లోనే ఉన్నాయి. మొదటి తరం వాటిని ట్రంకుపెట్టెల్లో కాగితాలుగా దాచింది. రెండవ తరం స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. స్కాన్ అయిపోయింది కదా అని కాగితాలను పాత పేపర్లవాడికి వేసిన ఇంట్లో, విరిగిన ఆ పెన్‌డ్రైవే అసలు ప్రతి.

పెన్‌డ్రైవ్ పుట్టి పాతికేళ్లు దాటింది. 2000 సంవత్సరంలో ఐబీఎం పేరిట అమెరికాలో అమ్మకానికి వచ్చిన తొలి డ్రైవ్ సామర్థ్యం 8 మెగాబైట్లు. ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్ దానిని తయారుచేసింది. అదే ఏడాది సింగపూర్‌కు చెందిన ట్రెక్ సంస్థ కూడా తన డ్రైవ్‌ను బజారులోకి తెచ్చింది. ఫ్లాపీ కంటే మేలైన మోత సాధనంగా వచ్చిన వస్తువే తప్ప దస్తావేజుల పెట్టెగా దానిని ఎవరూ ఉద్దేశించలేదు. పరికరం ఆ పనికి తగినదేనా అన్న విచారణ లేకుండానే ఇళ్లు, చిన్న కార్యాలయాలు, ఫోటో స్టూడియోలు దానిని భాండాగారంగా మార్చుకున్నాయి. దేశం ఈ చిప్పుల వాడకంలో ముందంజలో ఉన్నా తయారీలో వెనుకబడే ఉన్నది. గుజరాత్‌లోని సనంద్‌లో అమెరికా సంస్థ మైక్రాన్ మెమరీ చిప్పుల కూర్పు, పరీక్షల కర్మాగారానికి 2023 జూన్‌లో కేంద్ర ఆమోదం లభించింది. మెమరీ చిప్పును మొదటినుంచి ఇక్కడే తయారుచేసే దశ ఇంకా రాలేదు. తయారీకి వేల కోట్ల రూపాయల రాయితీలు ఇస్తున్న విధానకర్తల దృష్టికి మరమ్మతు రంగం ఆనటం లేదు. పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో, జిల్లాకొక చోట, నిర్ణీత రుసుముతో చిప్పు స్థాయి రికవరీ చేసే ఏర్పాటుకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. రైల్వే పట్టణాల్లో టంకం పట్టిన చేతులకు కొదవ లేదు.

ఈలోగా బీరువాల్లో, సొరుగుల్లో పడి ఉన్న విరిగిన పెన్‌డ్రైవ్‌ల విషయంలో కాలం కూడా ఒక కక్షిదారే. ఫ్లాష్ గదుల్లోని ఆవేశం నెమ్మదిగా కారిపోతుంది. తయారీదారులు సాధారణంగా చెప్పే పదేళ్ల గడువు తక్కువగా వాడిన చిప్పుకు వర్తించేది. ఎన్నోసార్లు చెరిపి రాసిన చిప్పుకు, ఎండాకాలంలో మండే గదిలో ఉంచిన చిప్పుకు ఆ గడువు ఇంకా తక్కువ. అయిదేళ్ల క్రితం కొన విరిగి, ఎప్పుడో చూద్దామని పక్కన పెట్టిన డ్రైవ్‌కు అప్పుడు నాలుగు టంకాలు సరిపోయేవి. ఇప్పుడూ అవే నాలుగు టంకాలు. వాటి అవతల గదుల్లో ఎంత ఆవేశం మిగిలి ఉన్నదన్నది తీగ కలిపి చూస్తే గాని తేలదు.